నేల విడవని మనిషి

గడియార స్తంభం దగ్గర కట్టిన సంతాపం ఫ్లెక్సీలో ఆయన నల్ల కోటు వేసుకుని, సన్నగా, నిటారుగా నిలబడి ఉన్నారు. ముందు నేను గుర్తుపట్టలేదు. ఈ మొహం ఎక్కడో చూశానే అనుకుంటూ దాటిపోయి, నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చాను. మొహం ఆయనదే. ఒళ్ళు ఆయనది కాదు. ఫ్లెక్సీ స్టూడియోల్లో తయారుగా ఉంచుకునే కోటు బొమ్మ ఒకటుంటుంది. ఎవరి తలనైనా దానిమీద అతికిస్తారు. నాయకులకీ, పెళ్ళికొడుకులకీ, పోయినవాళ్ళకీ అదే కోటు. బతికున్నన్నాళ్ళూ షాపులో కుట్టి అమ్మే చొక్కా ఒక్కటి కూడా ఒంటికి పట్టని మనిషి, పోయాక ఆ కోటులో ఇమిడిపోయారు.

కింద "మర్యాదకు మారుపేరు, వంటలో మేటి" అని రాయించారు. దాని కింద ఫ్లెక్సీ వేయించిన కొబ్బరి వ్యాపారి సుబ్బారావుగారి ఫొటో, చేతులు జోడించి. పోయినాయన ఫొటో కంటే అది కాస్త పెద్దది.

ఆట సంగతి ఎక్కడా లేదు.

ఆయన పెళ్ళిళ్ళకీ శుభకార్యాలకీ వంట చేసే మేస్త్రి. కొన్నాళ్ళు కువైట్‌లో ఓ కంపెనీ మెస్‌లో వండి వచ్చారు. ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను. నాకు తెలిసిన మనిషి, మధ్యాహ్నం భోజనాల పని తెమిలాక మెయిన్ రోడ్డు వెనక వీధిలో ఒక గేమింగ్ సెంటర్‌కి మెట్లెక్కి వచ్చే మనిషి. కింద జిరాక్సు షాపు, పైన గేమింగ్ సెంటరు, రెండూ శ్రీను అనే అతనివి. బిల్డింగు సుబ్బారావుగారిది. నేను అప్పట్లో పేపరుకి వార్తలూ ఫొటోలూ ఆ జిరాక్సు షాపు నుంచే పంపేవాణ్ణి. కరెంటు పోతే ఇన్వర్టరు ఉన్నది పై గదికే. అక్కడికెళ్ళి కూర్చునేవాణ్ణి. అలా పరిచయం.

ఆయన మెట్లెక్కుతుంటే ఆ చప్పుడుకే తెలిసిపోయేది. లోపల ఆడుకుంటున్న కాలేజీ కుర్రాళ్ళలో ఎవరో ఒకరు, "మేస్త్రిగారొస్తున్నారు, బిల్డింగు జాగ్రత్త" అనేవారు. ఆయన గుమ్మంలో ఆగి ఊపిరి తీసుకుని, "సుబ్బారావుగారి బిల్డింగు కదండీ, జాగ్రత్తగానే ఎక్కేను" అని జవాబు చెప్పేవారు. ఆ మాట రోజూ అనేవారు, రోజూ నవ్వేవారు. ఆయన షేర్ ఆటో ఎక్కితే రెండు సీట్లకి చార్జీ అడిగేవాళ్ళని నేను చూశాను. ఒంటి మీద వేసే జోకు ముందుగా తనే వేసేస్తే అవతలివాడికి మిగలదని ఆయన చిన్నప్పుడే కనిపెట్టి ఉంటారు.

వచ్చీ రాగానే చేతులు కడుక్కునేవారు. కూరగాయలు తరిగిన చేతులు, నెయ్యి అంటిన చేతులు, సబ్బుతో మోచేతుల దాకా కడిగి, భుజం మీద తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుని, అప్పుడు గానీ జాయ్‌స్టిక్ ముట్టేవారు కాదు. ఎంత కడిగినా అల్లం వాసన మాత్రం పోయేది కాదు. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఆయన కింద విరిగిన దగ్గర్నుంచి, వంట దగ్గర వేసుకునే ఇనప స్టూలు ఒకటి తెచ్చి అక్కడే పెట్టారు. దానిమీద కూర్చుని, పక్కన కూర్చున్నవాడు తన కొడుకు వయసువాడైనా సరే, "దణ్ణమండి" అని మొదలుపెట్టేవారు.

ఆ ఆట గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు. తెర మీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటారు. ఎవరికి కావలసిన యోధుణ్ణి వాళ్ళు ఎంచుకుంటారు. దెబ్బ తగిలినకొద్దీ తల మీదున్న ప్రాణం గీత తరుగుతుంది. కుర్రాళ్ళందరూ సన్నటివాళ్ళని ఎంచుకునేవారు. వాళ్ళు గాలిలో తేలతారు, రెప్పపాటులో మూడు దెబ్బలు కొట్టి వెనక్కి గెంతుతారు. మేస్త్రిగారు మాత్రం మొదటి రోజు నుంచీ ఒక్కణ్ణే పట్టుకున్నారు. బోడిగుండు, నడుముకి మెరూన్ రంగు గుడ్డ, తెరలో సగం ఆక్రమించే శరీరం. కుర్రాళ్ళు వాణ్ణి లారీ అనేవాళ్ళు. ఆయన 'మావాడు' అనేవారు.

మావాడు చాలాకాలం ఓడిపోతూనే ఉన్నాడు. పెద్ద ఒళ్ళు కాబట్టి ప్రతి దెబ్బా తగిలేది. చెయ్యి ఎత్తి దించేలోగా అవతలివాడు పని పూర్తి చేసేవాడు.

"బాబాయ్‌గారూ, మీవాడు లేచేలోగా నేను టీ తాగొచ్చేస్తాను."

"తాగి రండి బాబూ. అల్లం ఎక్కువెయ్యమనండి."

పైకి అలా అనేవారు గానీ, ఓటమి ఆయనకి పడేది కాదు. మొహం ముడుచుకునేవారు. గాలిలో తేలే యోధుల మీద ఆయనకి నిజమైన కక్ష ఉండేది. "ఎగరడం కూడా ఓ యుద్ధవేనా అండీ" అని నాతో చాటుగా అనేవారు. ఒకసారి ముమ్మిడివరం వైపు ఒక నిశ్చితార్థంలో, ఆట గురించి ఆలోచిస్తూ పులుసులో ఉప్పు రెండుసార్లు వేశారు. మగపెళ్ళివారు లేచి వెళ్ళినంత పనైంది. ఇంట్లో మార్కెట్టుకని చెప్పి ఇక్కడికి వచ్చేవారు. ఏ సరుకూ లేకుండా ఖాళీ సంచీతో వెళ్తే వాళ్ళావిడ నమ్మేవారో లేదో నాకు తెలియదు.

ఒక రోజు కరెంటు పోయి నేను పైకి వెళ్ళేసరికి ఆయన ఒక్కరే ఉన్నారు. తెర మీద ఆటను ఆపి, మావాణ్ణే చూస్తున్నారు.

"నేను చేసే తప్పు ఇన్నాళ్ళకి తెలిసిందండి" అన్నారు. "ముందు నేనే కొట్టేద్దావని ఎల్తన్నాను. మావాడు ముందు కొట్టకూడదండి. నిలబడాలి."

"నిలబడితే గెలుస్తారా?"

"నిలబడితే వాడే వస్తాడండి. రాకుండా ఉండలేడు. తేలికైనోడికి కాలు నిలవదు కదా."

ఆ తర్వాత కొన్ని నెలలు ఆయన గెలవడానికి ఆడలేదు. దెబ్బలు కాచుకోవడమే నేర్చుకున్నారు. కుర్రాళ్ళని బతిమాలి, "మీరు కొడుతూ ఉండండి, నేను కాచుకుంటాను" అనేవారు. ఎవరి దెబ్బ ఎంత దూరం వస్తుంది, ఏ దెబ్బ తర్వాత ఎవరు ఒక్క క్షణం ఖాళీగా నిలబడిపోతారు అన్నది చూసుకునేవారు. ఆ క్షణంలో మావాడు ఒక్కటి కొడితే చాలు, అవతలివాడి గీతలో పావు వంతు పోయేది.

రెండోది, ఎగరడం మానేశారు. అలవాటుగా బొటనవేలు పై మీట మీదికి పోతుంటే, వంటలో వేలు తెగితే చుట్టుకునే ప్లాస్టరు ముక్క ఒకటి తెచ్చి ఆ మీట మీద అంటించారు. "వేలికి గరుగ్గా తగలాలండి. అప్పుడు గుర్తొస్తాది" అన్నారు. "సన్నటోడు ఎగిరితే ఎక్కడ దిగుతాడో ఎవరికీ తెలీదు. మావాడు ఎగిరితే ఎక్కడ పడతాడో ఊరంతటికీ తెలుస్తాదండి." శ్రీను ఆ జాయ్‌స్టిక్ వేరే ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

అప్పట్నుంచి మావాడు నేల విడవలేదు. ఒక అడుగు, కాచుకోవడం. ఒక అడుగు, కాచుకోవడం. సాంబారు గంగాళాన్ని ఇద్దరు మనుషులు వాసానికి వేసి మోస్తూ జనం మధ్య నుంచి ఎలా తీసుకొస్తారో అలా వచ్చేవాడు. తోసేవాడు కాదు, ఆగేవాడు కాదు. అవతలివాడు ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ చివరికి గోడకి ఆనుకునేవాడు. అక్కడ మావాడి పట్టు ఒకటుంది. చిక్కితే ఎత్తి నేలకి కొట్టేస్తాడు. ఆ పట్టుకి భయపడి ఎదుటివాడు పైకి ఎగిరేవాడు. మేస్త్రిగారు సరిగ్గా దానికోసమే చూస్తూ ఉండేవారు. "పట్టుకోనక్కర్లేదండి. పట్టుకుంటాడేమోనని వాడికి తెలిస్తే చాలు" అనేవారు.

"ఇంతసేపు గోడకి నిలబెట్టేస్తే ఎలా బాబాయ్‌గారూ? మా హెడ్మాస్టరు కూడా ఇలా నిలబెట్టలేదు" అన్నాడొక కుర్రాడు.

"ఆయన వదిలేసేరు కాబట్టే మీరిక్కడున్నారు బాబూ" అన్నారు మేస్త్రిగారు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

గెలుపులు మొదలయ్యాక ఆయనలో గర్వం కూడా మొదలైంది. చిన్నపాటి గర్వమే. గెలిచాక తువ్వాలు దులిపి, మళ్ళీ భుజం మీద వేసుకునే తీరులో కనిపించేది. కుర్రాళ్ళు లారీ అనడం మానేశారు. ఇద్దరు ముగ్గురు తాము కూడా మావాణ్ణి ఎంచుకోవడం మొదలుపెట్టారు. మేస్త్రిగారికి అది అంత నచ్చలేదు.

అప్పుడే విజయవాడ పోటీల సంగతి వచ్చింది. ఊరికొకరిని పిలుస్తున్నారని, ఇక్కడ పోటీ పెట్టి గెలిచినవాళ్ళ పేరు పంపమన్నారని శ్రీను చెప్పాడు. అక్కడ సినిమా హాలంత తెర కడతారట. వేలమంది చూస్తారట. మేస్త్రిగారు ఆ తెర గురించే మళ్ళీ మళ్ళీ అడిగారు. ఎంత ఎత్తుంటుంది, మావాడు నిలువుగా కనిపిస్తాడా అని.

"బహుమతేం వస్తుందో అడగలేదేం?" అన్నాను నేను.

"బహుమతి మనకెందుకండి. మావాడు అంత తెర మీద, ఆ చివర్నించి ఈ చివరికి, నడిచి రావాలండి. ఎగిరేవాళ్ళందరూ వెనక్కి వెనక్కి ఎల్లాలి. నవ్వకుండా జనం చూడాలి. ఒక్కసారి చాలు."

'నవ్వకుండా' అన్న మాట దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గింది. మర్నాడు దర్జీ దగ్గర కొలతలిచ్చి వచ్చారు. మెరూన్ రంగు టీషర్టు. రెడీమేడ్‌లో ఆయన కొలత దొరకదు కాబట్టి గుడ్డ తీసి కుట్టించారు. దర్జీ ఆటగాళ్ళ చొక్కా ఎప్పుడూ కుట్టి ఎరగడేమో, దానికి కాలరూ, జేబూ పెట్టాడు. దాన్ని ఇంటికి తీసుకెళ్ళకుండా శ్రీను బీరువాలో దాచారు. విజయవాడలోనే వేసుకుంటానన్నారు.

పోటీ శ్రావణంలో పడింది. ఆషాఢం వెళ్ళగానే సుబ్బారావుగారి కొత్త అల్లుడు హైదరాబాదు నుంచి అత్తవారింటికి వచ్చి ఉన్నాడు. మాఘమాసంలో ఆ పెళ్ళికి వంట మేస్త్రిగారిదే. అల్లుడికి ఈ ఆట బాగా వచ్చు. ఊళ్ళో పోటీ ఉందని తెలిసి సరదాగా పేరిచ్చాడు. మంచివాడే. గాలిలో తేలే యోధుడితో, ఒకరి తర్వాత ఒకరిని ఓడించుకుంటూ ఫైనల్‌కి వచ్చాడు. రెండో వైపు నుంచి మేస్త్రిగారు వచ్చారు.

ఫైనల్ మూడు ఆటలు. రెండు గెలిచినవాళ్ళది. మొదటి ఆట నేను ఇప్పటికీ మర్చిపోలేదు. అల్లుడు ఎగిరాడు, తేలాడు, పక్కనుంచి వచ్చాడు. మావాడు కాచుకున్నాడు, అడుగు వేశాడు. కాచుకున్నాడు, అడుగు వేశాడు. అల్లుడి యోధుడి వీపు గోడకి ఆనింది. అల్లుడు ఎగిరాడు. మావాడు ఒక్కటి కొట్టాడు. అంతే. ఎవరూ నవ్వలేదు. అల్లుడే ముందు చప్పట్లు కొట్టాడు.

టీకి ఆపారు. అల్లుడు ఫోనొచ్చి బాల్కనీలోకి వెళ్ళాడు. అప్పుడు సుబ్బారావుగారు కాజాల పొట్లంతో పైకి వచ్చారు. అందరికీ తనే పంచి, చివర్న మేస్త్రిగారి దగ్గరికి వచ్చి వంగి నిలబడ్డారు.

"బావున్నారా అండీ మేస్త్రిగారూ."

"ఆయ్. మీ దయండి."

"మా అల్లుడుగారండి. ఏం పెట్టినా వద్దంటన్నారు, డైటంట. అత్తారింట్లో సరదాగా కూర్చున్నది ఈ ఆట దగ్గరేనండి."

"బాగా ఆడుతున్నారండి."

"మన గుమ్మంలో, పదిమందిలో ఓడిపోయి ఎల్లేరనుకోండి, మా అమ్మాయికి మొహం చూపించలేం. మీకు చెప్పేంతటోణ్ణి కాదండి. వడ్డన తెలిసిన మనిషి మీరు."

మేస్త్రిగారు కాజా వంక చూశారు. "ఆయ్" అన్నారు.

మా వైపు ఎవరూ ఎవరినీ ఆజ్ఞాపించరు. ఆజ్ఞ అయితే కాదనొచ్చు. శ్రీను ఆ మాటలు విన్నాడు, నేనూ విన్నాను. ఇద్దరం కాజాలు తింటూ ఉన్నాం.

మేస్త్రిగారు కాజా మొత్తం తిన్నారు. లేచి మళ్ళీ చేతులు కడుక్కున్నారు. వచ్చి స్టూలు మీద కూర్చుని, జాయ్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకుని, పై మీట మీది ప్లాస్టరు ముక్కని గోరుతో నెమ్మదిగా ఒలిచి, మడిచి, జేబులో వేసుకున్నారు.

రెండో ఆటలో మావాడు ఎగిరాడు. అంత ఒళ్ళూ పైకి లేచి, గాలిలో ఓ క్షణం ఆగినట్టై, అందరికీ తెలిసిన చోటే పడింది. "లారీ ఎగిరిందిరోయ్" అన్నారెవరో. గది గదంతా నవ్వింది. మళ్ళీ ఎగిరాడు. మూడో ఆటలోనూ ఎగిరాడు. ప్రతిసారీ నవ్వు పెద్దదైంది. సుబ్బారావుగారు కూడా నవ్వారు. ఎగిరిన ప్రతిసారీ మేస్త్రిగారి భుజాలు కూడా కొంచెం లేచి దిగడం నేను చూశాను.

అయిపోయాక అల్లుడు ఆయన చెయ్యి పట్టుకుని, "బాగా ఆడారంకుల్" అన్నాడు. "ఫస్ట్ గేమ్ సూపర్. కానీ ఈ హెవీ కేరెక్టర్లు టోర్నమెంట్లకి పనికిరావు. ప్రెషర్‌లో ఇలాగే అయిపోతాయి. ఏదైనా లైట్ కేరెక్టర్‌కి మారండి."

"ఆయ్. అలాగేనండి" అన్నారు మేస్త్రిగారు.

అందరూ వెళ్ళాక శ్రీను ఉండబట్టలేక, "ఎందుకలా చేసేరు బాబాయ్‌గారూ" అన్నాడు.

"షాపు నీదే గానీ గోడలు ఆయనవి కదయ్యా."

"నా గోడల సంగతి నేను చూసుకునేవాణ్ణి కదా."

"చూసుకుంటావు లే. మా పొయ్యిలు కూడా ఆయన చుట్టాల పెరళ్ళలోనే కదా" అని, తువ్వాలు దులపకుండానే భుజాన వేసుకుని మెట్లు దిగారు.

అల్లుడు విజయవాడ వెళ్ళలేదు. ఆ రోజు ఆఫీసులో ఏదో పని పడిందట. శ్రీను పోటీ పెట్టినవాళ్ళకి ఫోన్ చేసి, రెండో ఆయన్ని పంపమంటారా అని అడిగితే, గెలిచినవాళ్ళే రావాలన్నారు. అంత తెర మీద మా ఊరి పేరు దగ్గర ఎవరూ లేరు. ఈ సంగతి మేస్త్రిగారికి చెప్పొద్దనుకున్నాం. ఆయనకి మాకంటే ముందే తెలుసు. అల్లుడు ఆ రోజు హైదరాబాదులో ఉన్నాడని సుబ్బారావుగారి వంటమనిషే చెప్పింది.

ఆ తర్వాత కూడా ఆయన వస్తూనే ఉన్నారు. అదే సబ్బు, అదే స్టూలు, అదే దణ్ణం. కానీ అల్లుడుగారు చెప్పినట్టు గాలిలో తేలే సన్నటివాణ్ణి ఎంచుకునేవారు. ఆ పెద్ద వేళ్ళకి వాడు లొంగేవాడు కాదు. ఎంతో మర్యాదగా అందరి చేతిలో ఓడిపోయేవారు. కుర్రాళ్ళకి ముందు నవ్వొచ్చింది, తర్వాత విసుగొచ్చింది, చివరికి ఆయన పక్కన కూర్చునేవాళ్ళు తగ్గారు.

"మీవాణ్ణి ఎందుకు తీసుకోరు?" అన్నాను ఒకసారి.

"మావాడికి మొహం చూపించలేనండి" అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు.

మరుసటి ఏడు సుబ్బారావుగారి మనవడి బారసాలకి నన్నూ పిలిచారు. వంట మేస్త్రిగారిదే. ఆ రోజు పంక్తిలో అల్లుడికీ నాకూ మధ్య ఇద్దరే ఉన్నారు. మేస్త్రిగారు మనుషుల్ని పంపకుండా తనే పనసపొట్టు కూర గిన్నె పట్టుకుని వచ్చి, అల్లుడి విస్తరి ముందు వంగారు. ఆ ఒంటికి అలా వంగడం ఎంత కష్టమో దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుంది.

"ఇంకొంచెం వెయ్యమంటారా అండీ."

అల్లుడు తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. "చాలంకుల్. కూర చాలా బాగుంది" అని మళ్ళీ పక్కవాళ్ళతో మాటల్లో పడ్డాడు.

మేస్త్రిగారు నా దగ్గరికి వచ్చి, కావలసినదానికంటే ఎక్కువ కూర వేశారు. "గుర్తుపట్టలేదండి" అన్నారు నాకు మాత్రమే వినపడేలా. "పోన్లెండి. కూర బావుందన్నారు."

పి.గన్నవరంలో ఒక గృహప్రవేశం వంట దగ్గర, ఉదయం పూట, పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఉప్మా అయిపోయిందని, ఇడ్లీ దించాలని చెప్పారట. అవే ఆఖరి మాటలు.

ఫ్లెక్సీ చూసిన రోజే శ్రీను దగ్గరికి వెళ్ళాను. మెరూన్ చొక్కా సంగతి అడిగాను. దాన్ని ఆయన భార్యకి పంపితే, ఇంట్లో ఎవరికీ సరిపోదు, మీ దగ్గరే ఉంచమని తిప్పి పంపారట. ఇప్పుడు పెద్ద టీవీ మీద కప్పి ఉంది. దుమ్ము పడకుండా అంచుల దాకా సరిగ్గా సరిపోయింది. ఎవరైనా ఆడటానికి వస్తే తీసి, ఇనప స్టూలు మీద వేస్తారు.

తిరిగి వస్తూ గడియార స్తంభం దగ్గర మళ్ళీ ఆగాను. సుబ్బారావుగారు అక్కడే ఉన్నారు. ఫ్లెక్సీ ఒక మూల గాలికి ఊడిపోతే మనిషిని నిచ్చెనెక్కించి కట్టిస్తున్నారు. నన్ను చూసి దణ్ణం పెట్టారు.

"ఎంత మర్యాదస్తుడండీ. అలాంటి మనిషి మళ్ళీ దొరకడు" అన్నారు. కళ్ళలో నిజంగానే తడి ఉంది. "మా అల్లుడుగారితో కూడా ఓసారి ఆటాడేరు. ఆటేం రాదు పాపం, కానీ సరదా ఉండేది."

నేను ఫ్లెక్సీ వంక చూస్తూ ఉన్నాను. ఆయనా తలెత్తి చూశారు.

"స్టూడియో వాడికి నేనే చెప్పేనండి, ఒళ్ళు కాస్త తగ్గించమని. ఉన్నదున్నట్టు వేస్తే రోడ్డు మీద పోయేవాళ్ళు నవ్వుతారు కదా. ఇప్పుడు చూడండి, సన్నగా, ఎంత బావున్నారో."

"ఆయ్" అన్నాను.